అప్‌డేట్: ఓబీ డంపు మీది పగుళ్ల సంగతి

మహారాష్ట్రలోని రాజురా తాలూకాలో మా పత్తి చేనుకు ఎగువనున్న ఓబీ డంపు (గని తవ్వేటప్పుడు పైనుంచి తీసిన మట్టి, రాళ్లు పోసిన దిబ్బ) అంచున పగుళ్లు వచ్చాయని, అవి ప్రమాదకరమా అని క్రితం నెల అడిగాను. మీరు చెప్పినట్లే, గని వారి అనుమతితో పగులుకు అటూ ఇటూ మేకులు దిగ్గొట్టి రోజూ టేపుతో కొలవగా, 4 సెంటీమీటర్ల ఎడం తొమ్మిది రోజుల్లో 11కు చేరింది. అంతకంటే నన్ను భయపెట్టింది దిబ్బ పాదం: అక్కడ నల్లరేగడి ఉబ్బి, మా గట్టు రాళ్లు చేను వైపు ఒరిగాయి.

కొలతలు చూపాక సర్వేయరు వచ్చారు. వాలు 37.5 డిగ్రీలు మించకూడదని, ఎత్తు 30 మీటర్లు దాటితే మెట్లుగా కట్టాలని నిబంధన. ఇక్కడ మెట్టు జాడే లేదు. ప్రస్తుతం పైన మట్టి పోయడం ఆపి, నీరు నిలవకుండా చుట్టూ కాలువ తవ్వుతున్నారు. మేకులు మాత్రం నేను తీయలేదు.