కాందిశీకుడు: ఏ దిక్కుకని?

నిన్న ఇక్కడ ఒకరు అడిగారు: "శరణార్థి అనే తేలిక మాట ఉండగా పేపర్లవాళ్ళు కాందిశీకులు అని నోరు తిరగని మాట ఎందుకు రాస్తారు?"

రెండూ ఒకటి కాదండీ. శరణార్థి చూపు ముందుకు ఉంటుంది, ఎవరినో శరణు అడుగుతున్నాడు. కాందిశీకుడికి ఆ ముందే కనపడదు. 'కాం దిశమ్' అంటే ఏ దిక్కుకు? ఏ దిక్కుకు పోవాలిరా దేవుడా అంటూ పరుగెత్తేవాడన్నమాట. 'కాందిశీకో భయద్రుతః' అని అమరకోశం. ప్రశ్నే మనిషికి పేరైపోయింది. (కింకరుడూ ఇదే బాపతు. 'కిం కరోమి', ఏం చెయ్యమంటారు అంటూ నిలబడేవాడు.)

పైగా తెలుగులో దిక్కు అంటే తూర్పూ పడమరే కాదు, ఆసరా కూడా. 'నువ్వే దిక్కు' అంటాం, 'దిక్కులేనివాళ్ళు' అంటాం. కాబట్టి కాందిశీకుడి ప్రశ్న మన చెవికి రెండు రకాలుగా వినపడుతుంది: ఎటు పోవాలి, ఎవరున్నారు.

ఈ మాట మా ఇంట్లోదే. మా అమ్మమ్మ పుట్టింది రంగూన్‌లో. మావాళ్ళు 'రంగం' అనేవారు. అక్కడ తెలుగువాళ్ళని కొరంగీలు అని పిలిచేవారు. కాకినాడ పక్కన కోరంగి రేవు నుంచి ఓడలెక్కినవాళ్ళు కదా, శ్రీకాకుళం మనిషైనా విశాఖ మనిషైనా కొరంగీయే. 1937లో బర్మాని ఇండియా నుంచి విడదీశారు. ఇల్లు మారకుండానే మావాళ్ళు పరదేశం వాళ్ళయ్యారు. 1942లో జపాన్ బాంబులకి లక్షల మంది అడవులు పట్టి నడిచి వచ్చేశారు, దారిలోనే పోయినవాళ్ళు వేలల్లో ఉన్నారు. మావాళ్ళు కదల్లేదు. 1962లో సైన్యాధిపతి నే విన్ గద్దెనెక్కి దుకాణాలన్నీ జాతీయం చేసేసరికి ఇక కదలక తప్పలేదు.

ఇక్కడికొచ్చాక? అక్కడ 'కలా' (ఇండియా మనిషి, కాస్త చులకనగా), ఇక్కడ 'బర్మావాళ్ళు'. విశాఖ కంచరపాలెంలో బర్మా క్యాంపు ఇప్పటికీ ఉంది. క్యాంపు ఎత్తేసి దశాబ్దాలైనా పేరు పోలేదు. అమ్మమ్మ ట్రంకుపెట్టెలో ఒక కార్డు ఉండేది, బర్మా ప్రభుత్వం విదేశీయులకిచ్చే రిజిస్ట్రేషన్ కార్డు. పుట్టిన ఊళ్ళో ఆవిడ విదేశీయురాలని దాని మీద రాసుంది. దాన్ని రేషన్ కార్డుతో కలిపి ఒకే ప్లాస్టిక్ సంచిలో పెట్టేది. ఆదివారాలు అరటి దవ్వ వేసి చేపల మోహింగా (బర్మావాళ్ళ నూడుల్స్ పులుసు) చేసేది. మా నాన్న దాన్ని 'మీ ఫారిన్ పులుసు' అనేవాడు.

*

వ్యాఖ్య, హైదరాబాద్ నుంచి:
మా దగ్గర 'కాందిశీకుల భూములు' అంటే పాకిస్తాన్ వెళ్ళిపోయినవాళ్ళు వదిలిన భూములు కదండీ? మీరేమో వచ్చినవాళ్ళని అంటున్నారు.

నా జవాబు:
భలే పట్టుకున్నారు. 1950 నాటి చట్టంలో ఆ ఆస్తుల్ని ఇంగ్లీషులో ఇవాక్యుయీ ప్రాపర్టీ అన్నారు, తెలుగులో కాందిశీకుల ఆస్తి అయింది. ఇటు వచ్చినవాడూ అటు పోయినవాడూ కూడా కాందిశీకుడే. ఈ మాట పరుగు ఒక్కదాన్నే చూస్తుంది. ఎవరి మనిషి అన్నది దానికి పట్టదు.

వ్యాఖ్య, డాలస్ నుంచి:
మాస్టారూ, మరి పౌరుడు సంగతేంటి? నాకు అమెరికా సిటిజన్‌షిప్ వచ్చింది, ఇండియా పాస్‌పోర్ట్ సరెండర్ చేశాను, ఓసీఐ (ఓవర్సీస్ సిటిజన్ ఆఫ్ ఇండియా కార్డు) తీసుకున్నాను. అందులోనూ సిటిజన్ అనే ఉంది. నేను ఎవరి పౌరుణ్ణి?

నా జవాబు:
అమెరికా పౌరుడు మాత్రమేనండీ. ఇష్టపడి వేరే దేశం పౌరసత్వం తీసుకుంటే మనది పోతుందని రాజ్యాంగం 9వ అధికరణం, 1955 చట్టం రెండూ చెబుతున్నాయి. ఓసీఐతో వీసా బాధ ఉండదు గానీ ఓటు లేదు, వ్యవసాయ భూమి కొనడానికి లేదు. పేరులో సిటిజన్ ఉన్నా అది పౌరసత్వం కాదు. అందుకే దాన్ని 'ప్రవాస పౌరుడు' అని తెలుగు చెయ్యడం నాకు నచ్చదు, ఓసీఐ అనే ఉంచితే నయం. ఇక మాటకొస్తే, పౌరుడంటే పురంలో ఉండేవాడు. పల్లెవాడు జానపదుడు. 'పౌరజానపదులు' అని పాతవాళ్ళు జంటగా అనేది అందుకే. ఆ లెక్కన పల్లెటూరి నుంచి డాలస్ చేరిన మీరే అసలైన పౌరులు!

వ్యాఖ్య, విజయనగరం నుంచి:
బర్మాలో ఉండిపోయినవాళ్ళకి పౌరసత్వం ఇచ్చారా?

నా జవాబు:
బర్మా 1982 చట్టంలో పౌరసత్వానికి మూడు మెట్లు పెట్టారు, మూడు రంగుల కార్డులు. 1823కి ముందు నుంచీ ఉన్న జాతులకి పై మెట్టు. మనవాళ్ళలో ఎక్కువమంది వెళ్ళింది ఆ తర్వాత, బ్రిటిష్‌వాళ్ళ కాలంలో. కాబట్టి జాతి లెక్కన ఆ పై మెట్టు వాళ్ళకి అందలేదు. మోన్ రాష్ట్రంలో తెలుగు కుటుంబాలు ఇప్పటికీ ఉన్నాయి.

మీ విజయనగరం వైపు వేరే లెక్క ఉందండోయ్. కొత్తవలస, అటు శ్రీకాకుళంలో ఆమదాలవలస. ఎవరో ఎక్కడినుంచో వలస వచ్చి దిగారు, ఆ వలసే ఊరి పేరైంది. ఇప్పుడు ఆ ఊళ్ళవాళ్ళని వలసవాళ్ళు అని ఎవరైనా అంటే ఊరుకుంటారా?

వ్యాఖ్య, విజయనగరం నుంచి:
మాది కొత్తవలసే మాస్టారూ. మేం అయిదు తరాలుగా ఉన్నాం. మా వీధి చివర కొత్తగా దిగిన ఒడిశా కుటుంబాన్ని మాత్రం 'వలసొచ్చినోళ్ళు' అంటున్నాం.