ర్యాంక్ లిస్ట్ (ఇంటర్నల్ మెడిసిన్): ట్రైనింగ్ చూడాలా, ఊరు చూడాలా?

మంచుపూలు:
అందరికీ నమస్కారం. ఈ సీజన్‌లో అమెరికా రెసిడెన్సీకి (అక్కడి పీజీ ట్రైనింగ్) నాకు ఏడు ఇంటర్వ్యూలు వచ్చాయి, అన్నీ ఇంటర్నల్ మెడిసినే (మన జనరల్ మెడిసిన్). ఏ ప్రోగ్రామ్ ముందు కావాలో మనం వరస పెట్టి ఇచ్చే ర్యాంక్ లిస్ట్‌కి మార్చి మొదటి వారం గడువు. కింది నాలుగూ ఏ వరసలో పెట్టాలో తేలిపోయింది. పై మూడింటి దగ్గరే ఆగిపోయాను. పది రోజులుగా రోజుకో వరస రాసి చింపేస్తున్నాను.

ఒకటి బ్రూక్లిన్‌లో కమ్యూనిటీ హాస్పిటల్. మా ఆడపడుచు వాళ్లు న్యూజెర్సీ ఎడిసన్‌లో ఉంటారు. రెండోది మిషిగన్‌లో ఒక చిన్న ఊరు. యూనివర్సిటీతో అనుబంధం ఉంది, కార్డియాలజీ ఫెలోషిప్ (రెసిడెన్సీ తర్వాత చేసే సూపర్ స్పెషాలిటీ) కూడా అక్కడే ఉంది. ఆ రాష్ట్రంలో మాకు తెలిసినవాళ్లు ఒక్కరూ లేరు. మూడోది డాలస్ పక్కన కొత్త ప్రోగ్రామ్, మొదటి బ్యాచ్ ఇంకా బయటికి రాలేదు. మా బాబాయి వాళ్లు ఫ్రిస్కోలో ఉంటారు. మొదటి రెండూ జే-1 (ట్రైనింగ్ వీసా) మాత్రమే ఇస్తాయి. డాలస్ వాళ్లు హెచ్-1బీ (ఉద్యోగ వీసా) గురించి ‘చూద్దాం’ అన్నారు. అమెరికా లైసెన్స్ పరీక్షల్లో చివరిదైన స్టెప్ 3 నాకు అయిపోయింది.

కార్డియాలజీ చేయాలని ఉంది. మావారు సాఫ్ట్‌వేర్ టెస్టింగ్‌లో ఉన్నారు, పాపకి నాలుగేళ్లు. ‘మనవాళ్లున్న చోటికే వెళ్లు’ అని అమ్మ పట్టుబడుతోంది. ఇంటర్వ్యూలన్నీ జూమ్‌లోనే జరిగాయి కాబట్టి ఏ ఊరినీ కళ్లతో చూడలేదు. పైగా ‘మిమ్మల్ని చాలా పైన ర్యాంక్ చేస్తున్నాం’ అని బ్రూక్లిన్ నుంచి మెయిల్ వచ్చింది. ఖాయంగా వచ్చేలా ఉన్నదాన్ని పైన పెట్టుకుంటే సేఫా? చాలా టెన్షన్‌గా ఉంది.

తెల్లకోటు:
చివరి ప్రశ్నకి ముందు జవాబు చెప్తాను. ఎక్కడ వస్తుందో ఊహించి వరస పెట్టకండి. కిందటేడు ఏ ర్యాంకుకి ఏ కాలేజీ వచ్చిందో చూసుకుంటూ నీట్ పీజీ వెబ్ ఆప్షన్లు పెట్టిన అలవాటు మనది. ఇక్కడ ఆ లెక్క పనికిరాదు.

మ్యాచ్‌లో (అభ్యర్థుల లిస్టులనీ ప్రోగ్రామ్‌ల లిస్టులనీ కలిపి సీట్లు పంచే పద్ధతి) కంప్యూటర్ మిమ్మల్ని ముందు మీ ఒకటో నంబర్ దగ్గరికి తీసుకెళ్తుంది. వాళ్ల లిస్టులో మీకు చోటుంటే తాత్కాలికంగా కూర్చోబెడుతుంది. వాళ్లు మీకంటే పైన పెట్టుకున్నవాళ్లు వచ్చి మీ సీటు పోతే, అప్పుడు మిమ్మల్ని రెండో నంబర్ దగ్గరికి తీసుకెళ్తుంది. అక్కడ మీకంటే కిందివాళ్లు ఎవరైనా కూర్చుని ఉంటే వాళ్లని లేపి మిమ్మల్ని కూర్చోబెడుతుంది. కాబట్టి మిషిగన్‌ని పైన పెట్టి అక్కడ రాకపోయినా బ్రూక్లిన్‌లో మీ అవకాశం గోరంత కూడా తగ్గదు. అభ్యర్థుల వైపు నుంచి మొదలయ్యేలా ఆల్విన్ రోత్ మార్చిన ఈ పద్ధతి 1998 మ్యాచ్ నుంచి వాడుకలో ఉంది. 2012లో ఆయనకీ లాయిడ్ షాప్లీకీ వచ్చిన ఎకనామిక్స్ నోబెల్ ఈ తరహా పని మీదే.

ఆ మెయిల్‌ని పక్కన పెట్టండి. అలాంటి మాటలకి కట్టుబడాల్సిన పని ప్రోగ్రామ్‌కి లేదు. నాకూ అప్పట్లో అలాంటి మెయిల్ రెండు చోట్ల నుంచి వచ్చింది, ఆ రెండు చోట్లా రాలేదు. ఒక్క జాగ్రత్త మాత్రం: ఎట్టి పరిస్థితుల్లోనూ వెళ్లలేను అనుకున్న ప్రోగ్రామ్‌ని లిస్టులో అసలు పెట్టకండి. మ్యాచ్ అయ్యాక వెళ్లనంటే కుదరదు, అది ఒప్పందం.

నైట్‌ఫ్లోట్:
బ్రూక్లిన్‌లోనే ఒక హాస్పిటల్‌లో మూడేళ్లు చేశాను, పేరు చెప్పను. మీది కూడా అలాగే ఉంటుందని అనను. కానీ అడగాల్సినవి అడగండి.

ఇంటర్న్‌గా (ఇక్కడ మొదటి ఏడాది రెసిడెంట్‌ని అలా అంటారు) చేరిన మూడో వారం, తెల్లవారుజామున 3:40. డయాలసిస్‌కి వెళ్లడం మానేసి వచ్చిన పేషెంట్‌కి పొటాషియం 6.8, ప్రమాదకరంగా ఉందని ల్యాబ్ నుంచి ఫోన్. శాంపిల్ పాడై ఉండొచ్చు, మళ్లీ పంపమన్నారు. రక్తం తీయడానికి రాత్రిపూట టెక్నీషియన్ లేరు, నేనే తీయాలి. ఈసీజీ మెషిన్ పై ఫ్లోర్‌లో ఉంది, నేనే తోసుకొచ్చాను. ఈసీజీలో టీ వేవ్‌లు గుడారాల్లా లేచి ఉన్నాయి, అంటే పొటాషియం నిజంగానే ఎక్కువ. సీనియర్ ఐసీయూలో కోడ్‌లో (గుండె ఆగిన పేషెంట్ దగ్గర) ఉన్నాడు. కాల్షియం గ్లూకోనేట్ ఇచ్చి, ఇన్సులిన్ మొదలుపెట్టి, ఆ శాంపిల్‌ని ల్యాబ్‌కి నేనే పట్టుకెళ్లాను. పేషెంట్ బాగానే బయటపడ్డారు. ఆ రాత్రి నాకు ధైర్యం వచ్చింది, కాదనను. కానీ మూడేళ్లలో ఎన్ని గంటలు స్ట్రెచర్ తోస్తూ, ట్యూబులు మోస్తూ పోయాయో లెక్కేస్తే బాధగా ఉంటుంది. చదువుకోవాల్సిన గంటలవి.

వారానికి 80 గంటలు దాటకూడదని ఏసీజీఎంఈ (రెసిడెన్సీలకి గుర్తింపు ఇచ్చే సంస్థ) రూల్, నాలుగు వారాల సగటు మీద. ప్రతి ప్రోగ్రామ్ కాగితం మీద అదే చూపిస్తుంది. ఆ 80 గంటల్లో డాక్టర్ పని ఎంత అన్నది బ్రోచర్‌లో ఉండదు. అక్కడి ఇంటర్న్‌కి ఫోన్ చేసి మూడే అడగండి. రాత్రి రక్తం ఎవరు తీస్తారు? పేషెంట్‌ని సీటీకి ఎవరు తీసుకెళ్తారు? రాత్రి రెండు గంటలకి ఫోన్ చేస్తే సీనియర్ ఏ గొంతుతో పలుకుతారు?

మంచి కూడా చెప్పాలి. అక్కడ చూసినన్ని జబ్బులు ఇంకెక్కడా చూడలేదు. ఒకే వార్డులో హైతీ, బంగ్లాదేశ్, ఉజ్బెకిస్తాన్ నుంచి వచ్చినవాళ్లు. సికిల్ సెల్ నొప్పితో వచ్చిన కుర్రాడి పక్క గదిలో ముదిరిపోయిన టీబీ.

కృష్ణాతీరం:
మంచుపూలు గారూ, మీవారి గురించి ఒక్క వాక్యంలో తేల్చేశారు. నేను అక్కడే ఆగాను.

నేను పట్టుబట్టి హెచ్-1బీ ఇచ్చే చోటికి వెళ్లాను, జే-1 అయితే తర్వాత రెండేళ్లు ఇండియా వెళ్లాలి అన్న భయంతో. ఆయన హెచ్-4 (హెచ్-1బీ వాళ్ల కుటుంబానికి ఇచ్చే వీసా) మీద వచ్చారు. గ్రీన్‌కార్డు పనిలో ఐ-140 (యజమాని వేసే దరఖాస్తు) ఆమోదం దాకా వెళ్తే తప్ప హెచ్-4 వాళ్లకి పని చేసే అనుమతి రాదు. రెసిడెన్సీలో ఆ దశకి ఎవరు వెళ్తారు? కాకినాడలో వంతెనలు కట్టించిన సివిల్ ఇంజినీర్ ఒహాయోలో రెండు చలికాలాలు కిటికీ దగ్గర కూర్చున్నారు. నేను వచ్చేసరికి అన్నం వండి, గిన్నెలు కడిగి పెట్టేవారు. మాటలు తగ్గిపోయాయి. నేను డ్యూటీ అలసటలో అది ఆలస్యంగా గమనించాను.

జే-2 (జే-1 వాళ్ల కుటుంబానికి ఇచ్చే వీసా) మీద వచ్చిన భర్తకి ఇక్కడికొచ్చాక అప్లై చేసుకుంటే వర్క్ పర్మిట్ వస్తుంది. నెలలు పడుతుంది, ఆ ఖర్చుకి డబ్బు పక్కన పెట్టుకోండి. టెస్టింగ్ ఉద్యోగం కాబట్టి ఏ ఊరైనా దొరకొచ్చు. జే-1ని శాపంలా చూడకండి.

పాప సంగతి: వార్డ్‌లో మీరు ఆరున్నరకి ఉండాలి. డేకేర్ ఎన్నింటికి తెరుస్తారు, ఎవరు దింపుతారు, ఇప్పుడే రాసుకోండి. న్యూయార్క్ సిటీలో నాలుగేళ్ల పిల్లలకి ప్రీ-కే (కిండర్‌గార్టెన్‌కి ముందు బడి) ఉచితం, అందరికీ ఇవ్వడం 2014లో మొదలుపెట్టారు. ఇది చిన్న విషయం కాదు, డేకేర్ ఫీజులు చూశాక మీకే తెలుస్తుంది.

డెల్టా_డాక్టర్:
కొత్త ప్రోగ్రామ్‌లో రెండో బ్యాచ్ నేను. మొదట్లో ఏదీ కుదురుగా ఉండదు. ఐసీయూ రొటేషన్‌కి వేరే హాస్పిటల్‌కి పంపారు, షెడ్యూల్ మూడుసార్లు మారింది. కానీ మేం చెప్పిందల్లా డైరెక్టర్ విన్నారు. ఫెలోలు లేరు కాబట్టి ప్రొసీజర్లన్నీ మా చేతుల్లోకే వచ్చాయి. హాస్పిటలిస్ట్‌గా (ఆసుపత్రిలో చేరిన పేషెంట్లనే చూసే డాక్టర్) చేయాలనుకున్న నాకు అది బాగా సరిపోయింది. నాతోపాటు కార్డియాలజీకి అప్లై చేసినవాళ్లు ఇద్దరు. ఒకరికి రెండో ప్రయత్నంలో వచ్చింది, ఒకరికి రాలేదు. సిఫార్సు లెటర్ ఇచ్చే పేరున్న కార్డియాలజిస్ట్ మాకు లేరు, రీసెర్చ్ లేదు.

ఇంకోటి. మా మేనమామ ఇల్లు నాకు 25 మైళ్లు. ఇంటర్న్ ఇయర్ మొత్తం మీద ఆరుసార్లు వెళ్లి ఉంటాను. సెలవు రోజు వచ్చిందంటే నిద్ర. అత్త డబ్బాల్లో పెట్టి పంపిన గోంగూర మాత్రం ఫ్రిజ్‌లో ఎప్పుడూ ఉండేది, దాని విలువ నాకు తెలుసు.

పాతకాపు:
ఇక్కడికి వచ్చి చాలా ఏళ్లయింది, కార్డియాలజీ చేస్తున్నాను, ఇంటర్వ్యూలు కూడా చేస్తుంటాను. అమ్మాయీ, ఒక లెక్క వేసి చూడు. మెడిసిన్ మూడేళ్లు, కార్డియాలజీ మూడేళ్లు. జే-1 మీదైతే ఆ రెండేళ్లు ఇండియా వెళ్లకుండా మినహాయింపు (వెయివర్) కోసం తర్వాత మూడేళ్లు ఉద్యోగం, డాక్టర్ల కొరత ఉన్న చోట. ఆ వెయివర్ కాన్రాడ్ అనే పథకం కింద రాష్ట్రానికి ఏటా 30 మందికే ఇస్తారు. అది కెంటకీలో పల్లె కావచ్చు, డకోటాలో కావచ్చు. ఈ తొమ్మిదేళ్లలో నువ్వు ఇప్పుడు ఎంచుకునే ఊరు మూడేళ్లే. ఆ మూడేళ్లు మిగతా ఆరేళ్లకి తలుపు తెరుస్తాయా లేదా అన్నదే నేనైతే చూస్తాను.

ఫెలోషిప్ అక్కడే ఉంటే సరిపోదు. గత మూడేళ్లలో తమ రెసిడెంట్లని ఎంతమందిని తీసుకున్నారో పేర్లతో సహా అడుగు. సొంతవాళ్లని తీసుకోని చోట్లు కూడా ఉన్నాయి. ఏబీఐఎం (రెసిడెన్సీ అయ్యాక మెడిసిన్ బోర్డ్ పరీక్ష పెట్టే సంస్థ) ప్రోగ్రామ్‌ల వారీగా పాస్ శాతం మూడేళ్ల సగటుతో బయటపెడుతుంది, చూడు. డాలస్‌కి ఆ అంకె ఉండదు, ఎవరూ పాసై బయటికి రాలేదు కాబట్టి. అది వాళ్ల తప్పు కాదు, కానీ నీ మూడేళ్లని పందెం పెడుతున్నావని తెలుసుకుని పెట్టు.

హాస్పిటల్ ఆర్థిక పరిస్థితి కూడా చూడు. 2019లో ఫిలడెల్ఫియాలో హానమన్ హాస్పిటల్ మూతపడితే 500 మందికి పైగా రెసిడెంట్లూ ఫెలోలూ కొత్త చోట్లు వెతుక్కున్నారు. వీసా మీద ఉన్నవాళ్ల అవస్థ మరీ ఎక్కువ.

రాయలసీమ_రెసిడెంట్:
మిషిగన్‌లో పీజీవై-2ని, అంటే రెండో ఏడాది రెసిడెంట్‌ని. మాది అనంతపురం. చలి గురించి భయపెట్టను, దాచను కూడా. జనవరిలో మైనస్ 20. పొద్దున ఐదున్నరకి కారు అద్దం మీద మంచు గీకడానికే పది నిమిషాలు. మొదటి వారం చేతికి దొరికిన ఆధార్ కార్డ్‌తో గీకాను, అది విరిగింది. డ్రైవింగ్ రాకుండా ఇక్కడ బతకలేరు, ఇండియాలో ఉండగానే బాగా నేర్చుకోండి, మీవారు కూడా. అమ్మానాన్నల్ని ఏప్రిల్ తర్వాతే పిలవండి.

జీతాల్లో పెద్ద తేడా ఉండదు. న్యూయార్క్‌లో మా బ్యాచ్‌మేట్ ఒక్క గదికి కట్టే అద్దెతో నేను రెండు గదుల ఇల్లు, కారు వాయిదా రెండూ లాగిస్తున్నాను. ఇండియన్ స్టోర్ 40 నిమిషాలు, నెలకోసారి వెళ్లి కంది పప్పు బస్తా తెచ్చుకుంటాం. చిన్న ఊరు కాబట్టి కాథ్ ల్యాబ్ (యాంజియోగ్రామ్‌లు చేసే గది) డాక్టర్లు పేరు పెట్టి పిలుస్తారు. ఇంటర్న్‌గా ఉన్నప్పుడే ఒకాయన తన రిజిస్ట్రీ (పేషెంట్ల రికార్డుల) డేటా ఇచ్చి రీసెర్చ్ పేపర్ రాయమన్నారు. పెద్ద సిటీలో అలాంటిది దొరకడం కష్టమని నా అభిప్రాయం.

నైట్‌ఫ్లోట్:
చివరి మాట ఒప్పుకోను. సిటీలో కూడా దొరుకుతుంది, వెంటపడాలి. కానీ రాత్రంతా ట్యూబులు మోసినవాడికి వెంటపడే ఓపిక ఉండదు, అది నిజం.

మంచుపూలు:
అందరికీ చాలా థాంక్స్. ఈ వారం మూడు చోట్లా ఇంటర్న్‌లతో మాట్లాడాను. డాలస్ ఆఫీసుకి వీసా గురించి మెయిల్ కూడా పెట్టాను.

డాలస్ నుంచి జే-1 మాత్రమే అని జవాబు వచ్చింది. 2025 సెప్టెంబర్‌లో బయటి దేశం నుంచి వచ్చేవాళ్ల కొత్త హెచ్-1బీకి లక్ష డాలర్ల ఫీజు పెట్టాక మానేశారట. దాంతో ఆ వైపు ఆలోచన ఆగిపోయింది.

బ్రూక్లిన్ ఇంటర్న్ మంచి అమ్మాయి. రక్తం ఎవరు తీస్తారని అడిగితే కాసేపు మాట్లాడలేదు. తర్వాత ‘మేమే’ అంది. మిషిగన్ ఇంటర్న్‌కి నేను ఫోన్ చేసినప్పుడు నైట్ డ్యూటీ. మాట్లాడుతుండగానే పేజర్ మోగింది, ‘ఒక్క నిమిషం’ అని సీనియర్‌కి ఫోన్ చేసింది. నాకు వినిపించింది. ఆయన ‘సరే, నేనూ వస్తున్నా, అక్కడ కలుద్దాం’ అన్నాడు. రాత్రి రెండు దాటింది అక్కడ. ఫెలోషిప్‌లో గత మూడేళ్లలో నలుగురు తమవాళ్లేనట.

మావారితో కూర్చుని మీ పోస్టులన్నీ చదివించాను. కృష్ణాతీరం గారి పోస్ట్ ఆయన రెండుసార్లు చదివారు. ‘నాకు పని ఉంటే చాలు, చలి సంగతి చూసుకుందాం’ అన్నారు. మిషిగన్ ఒకటి, బ్రూక్లిన్ రెండు, డాలస్ మూడు. పాప ప్రీ-కే, ఆడపడుచు ఇల్లు, అన్ని రకాల కేసులు, వీటి వల్ల బ్రూక్లిన్‌ని డాలస్ కంటే పైన పెట్టాను. అమ్మకి ఇంకా చెప్పలేదు. సేవ్ చేశాను.

తెల్లకోటు:
సేవ్ చేస్తే చాలదు! సర్టిఫై కొట్టాలి. స్టేటస్‌లో సర్టిఫైడ్ అని కనపడాలి. తర్వాత ఒక్క ప్రోగ్రామ్ అటూ ఇటూ మార్చినా మళ్లీ సర్టిఫై చేయాలి. చివరి రోజు దాకా ఉంచకండి.

మంచుపూలు:
అయ్యో, ఇప్పుడే చూశాను, చేయలేదు. చేసేశాను, సర్టిఫైడ్ అని వచ్చింది. స్క్రీన్‌షాట్ తీసుకున్నాను.

పాతకాపు:
మంచిది. మ్యాచ్ వారం సోమవారం మ్యాచ్ అయ్యావని తెలియగానే జే-1కి కావాల్సిన కాగితాలు సిద్ధం చేయడం మొదలుపెట్టు. మన ఆరోగ్య శాఖ నుంచి స్టేట్‌మెంట్ ఆఫ్ నీడ్ (ఈ స్పెషాలిటీ డాక్టర్లు దేశానికి కావాలని చెప్పే పత్రం) కావాలి. వీసా స్లాట్ కూడా ముందే చూసుకో, జులై 1కి వార్డ్‌లో ఉండాలి. అమ్మకి ఈ రాత్రే చెప్పు, మ్యాచ్ వారం శుక్రవారం ఏ ఊరో తెలిసేదాకా ఆగకు.

రాయలసీమ_రెసిడెంట్:
ఇక్కడికే వస్తే మెసేజ్ పెట్టండి అక్కా. అద్దం గీకే స్క్రేపర్లు రెండున్నాయి నా దగ్గర, ఒకటి మీకు.