సిల్వర్ క్లేతో మెట్టెలు చేయొచ్చా, చేయకూడదా?

రావిరేక, పాలకొల్లు:
సిల్వర్ క్లే, అంటే మట్టిలా మలిచి కాల్చే వెండి ముద్ద, పని నేర్చుకునేవాళ్ళు లాకెట్లూ దిద్దులూ దాటగానే మెట్టెల మీదికి వెళ్తున్నారు. నాలుగైదు గ్రాముల్లో తేలిపోతుంది, పువ్వూ లతా ముద్దలో ఎంత సన్నగానైనా దిగుతాయి, పెళ్ళిళ్ళ రోజుల్లో అడిగేవాళ్ళూ ఉంటారు. కానీ మన మెట్టె అడుగున తెరిచి ఉంటుంది, వేలికి తగ్గట్టు నొక్కి పెడతారు. ఆ నొక్కుడుకు క్లే వెండి ఆగుతుందా? కారణంతో సహా చెప్పండి.

కమ్మచ్చు, నరసాపురం:
ఆగదు, చేయకూడదు. క్లే అంటే వెండి పొడి, జిగురు, నీళ్ళు. కాల్చితే జిగురు మండిపోయి రేణువులు ఒకదానికొకటి అతుక్కుంటాయి, అంతేగానీ కరిగి ఒక్కటి కావు. వెండి కరిగేది 962 డిగ్రీల దగ్గర, క్లేని కాల్చేది అంతకు దిగువన. అందుకే లోపల సన్నటి ఖాళీలు మిగిలిపోతాయి. కమ్మచ్చులో (తీగ సాగదీసే రంధ్రాల పలకలో) లాగిన తీగలో అవి ఉండవు. తీగ మెట్టె నొక్కీ నొక్కీ గట్టిపడితే ఎర్రగా కాచి మళ్ళీ మెత్తబరచవచ్చు. క్లే మెట్టెను నొక్కితే వంపు బయటివైపు వెంట్రుకంత చీలిక పడుతుంది. రెండు మూడుసార్లు తీసి పెట్టేసరికి అక్కడే విరుగుతుంది, విరిగిన అంచు వేలి సందులో గుచ్చుకుంటుంది.

ఇంకొకటి. ఈ కాళ్ళు వరిచేలో దిగేవి, రొయ్యల చెరువు గట్టు మీద తిరిగేవి. చెరువు అడుగు బురదలో ఉండే హైడ్రోజన్ సల్ఫైడ్ ఏ వెండినైనా నల్లబరుస్తుంది. నున్నటి తీగను కుంకుడు రసంతో తోమితే నలుపు చాలావరకు పోతుంది. క్లే నగిషీ లోతుల్లో పట్టిన నలుపు అంత తేలిగ్గా వదలదు.

గౌతమి పాయ, రాజమహేంద్రవరం:
కమ్మచ్చు గారూ, ఖాళీల సంగతి నిజమే. కానీ మీరు చెప్పే విరగడంలో చాలావరకు కాల్పు లోపమేనండీ. గ్యాస్ టార్చ్ మంట కింద నారింజ రంగు రాగానే మంట తీసేస్తున్నారు. ఆ రంగు తగ్గకుండా కనీసం 2 నిమిషాలు నిలపాలి. పైభాగం అద్దంలా తళుక్కుమంటే మాత్రం కరగబోతోందని లెక్క, వెంటనే మంట పక్కకు తీయాలి. అసలు ఉంగరాలకూ మెట్టెలకూ టార్చ్ చాలదు. మామూలు 999 క్లే (కాల్చాక 99.9 శాతం అచ్చ వెండి) అయితే కరెంటు బట్టీలో, అంటే ఎలక్ట్రిక్ కిల్న్‌లో 900 డిగ్రీల దగ్గర 2 గంటలు ఉంచాలి. ప్యాకెట్ మీద తక్కువ వేడి, తక్కువ సమయం రాసి ఉంటాయి. అవి లాకెట్‌కు సరిపోతాయి, బరువు మోసేదానికి చాలవు. బొగ్గుల కుంపటిలో మాత్రం వద్దు. గాలి కొద్దిగా ఎక్కువైనా 962 దాటి ముద్ద కరిగి గుండవుతుంది.

కాల్చేముందు ఆరబెట్టడం మన దగ్గర పెద్ద పని. శ్రావణ భాద్రపదాల్లో గాలిలో అంత తేమ ఉంటే పైకి ఎండినట్టే కనిపించినా నడుమ తడి ఉంటుంది, వేడి తగలగానే ఆవిరై పొక్కు లేస్తుంది. కాస్త వెచ్చబెట్టిన ముక్కను చల్లటి అద్దం మీద పెట్టి తీయండి. మసక మరక పడితే తడి ఉన్నట్టే. ముద్దను అల్యూమినియం పళ్ళెం మీద, రేకు మీద పెట్టకండి, వెండితో కలిసి పాడు చేస్తుంది.

కొలత కూడా చూసుకోవాలి. నేను చెప్పే రకం 9 శాతం దాకా కుంచించుకుపోతుంది. కాల్చాక లోపలి వెడల్పు 15 మిల్లీమీటర్లు కావాలంటే ముద్దను 16.5 దగ్గర చుట్టాలి.

బలం మీద అనుమానముంటే అదే ముద్దతో 1 మిల్లీమీటరు మందం పట్టీ ఒకటి మెట్టెలతో పాటే కాల్చి, చల్లారాక కడ్డీ చుట్టూ 90 డిగ్రీలు వంచండి. చీలితే ఆ కాల్పు మొత్తం పక్కన పెట్టేయాలి. విరిగిన ముక్కలు ఎలాగూ వెండే, కరిగించుకోవచ్చు.

కమ్మచ్చు:
పట్టీ ఒక్కసారి వంగి నిలిచింది, సరే. మెట్టె అలా కాదు కదా. పెట్టేటప్పుడు మూస్తారు, తీసేటప్పుడు తెరుస్తారు, వేలు వాస్తే మళ్ళీ తెరుస్తారు. మీ పరీక్ష మొదటి వంపు గురించే చెబుతుంది, పదో వంపు గురించి చెప్పదు.

లంక లేసు, అమలాపురం:
ఇద్దరి మాటా నిలబడే దారి ఉందండీ. వేలిని చుట్టే కట్టును తీగతో చేసి, పైన పువ్వు బిళ్ళ ఒక్కటే క్లేతో చేయాలి. వంగేది కట్టు, కనిపించేది బిళ్ళ.

ముద్దను రెండు పక్కలా నాలుగేసి పేక ముక్కలు పేర్చి, వాటి మధ్య కర్రతో వత్తితే మందం సమంగా వస్తుంది. అంటకుండా చేతికీ కర్రకూ ఒక్క చుక్క నూనె చాలు, ఎక్కువైతే పొరలు విడతాయి. నరసాపురం లేసు ముక్క పరిచి ఒక్కసారే గట్టిగా వత్తి తీయండి. కాల్చాక కుంచించుకుపోతుంది గనక అల్లిక ఇంకా సన్నగా కనిపిస్తుంది, మూసతో పోత పోసినా ఆ అందం రాదు. ఆరాక అంచు నెమ్మదిగా ఉప్పు కాగితంతో రుద్దాలి. ఆ పొడి పారేయకుండా నీళ్ళు కలిపితే పగుళ్ళు పూడ్చే పేస్టు అవుతుంది. కాల్చాక తెల్లగా పాలిపోయినట్టుంటే భయపడకండి, ఇత్తడి బ్రష్‌తో రుద్దితే మెరుపు తేలుతుంది.

గౌతమి పాయ:
ఈ దారి నాకూ ఇష్టమే. కానీ అతకడంలోనే చాలామంది పాడు చేస్తారు. టంకం క్లే ఖాళీల్లోకి ఇంకిపోతుంది, అతుకు దగ్గర ఏమీ మిగలదు. అందుకని బిళ్ళ వెనక అతికే చోటును ముందు నున్నటి స్టీలు ముక్కతో గట్టిగా రుద్ది రంధ్రాలు మూయాలి, తర్వాతే వెలిగారం, టంకం. తీగను పచ్చి ముద్దలోనే గుచ్చి కలిపి కాల్చేవాళ్ళు 999 తీగే వాడాలి. బజారు తీగలో రాగి ఉంటుంది, ఆ కాల్పులో నల్లబడి పెళుసవుతుంది.

కమ్మచ్చు:
బిళ్ళకు నా అభ్యంతరం లేదు. 999 తీగను గుచ్చడం మాత్రం వద్దు. అచ్చ వెండి మెత్తన, అంతసేపు కాల్పులో ఇంకా మెత్తబడుతుంది, కట్టుగా ఉంటే నడకకే సాగిపోతుంది. 925 తీగతో (92.5 శాతం వెండి, మిగతాది రాగి) కట్టు విడిగా చేసి, బిళ్ళ కాల్చాక టంకం పెట్టండి. కట్టు సహా మొత్తం క్లేతో చేసి అమ్మేవాళ్ళు, అది నొక్కి సరిచేసే రకం కాదని కొనేవాళ్ళకు ముందే చెప్పాలి.

రావిరేక:
అయితే మూసిన చుట్టు మెట్టె, వేలి కొలత తీసుకుని చేస్తే? దానికి నొక్కే పనే లేదు కదా.

గౌతమి పాయ:
అది చేయొచ్చు. అడుగు మందం 1.5 మిల్లీమీటర్లకు తగ్గకుండా, చుట్టు కలిపిన చోటు పైన, పువ్వు అడుగున వచ్చేలా చూడండి. సాయంత్రం కాస్త వాచిన వేలికి కొలత తీయండి, పొద్దుటి కొలతకు చేస్తే రాత్రికి రాదు.