ఉర్సిడ్స్‌కి రెండో కెమెరానా, గ్రేటింగా?

పాకాల_చుక్కలు:
డిసెంబర్‌లో వచ్చే ఉర్సిడ్స్ ఉల్కాపాతం కోసం పోగుచేసిన చందా డబ్బులు ఒక్కదానికే సరిపోతాయి. హనుమకొండ డాబా మీది కెమెరాకు గ్రేటింగ్ (వెలుగును రంగులుగా విడదీసే పలక) బిగిద్దామా, కరీంనగర్‌లో రెండో కెమెరా పెడదామా? నా ఓటు రెండో కెమెరాకే. ఒక్కచోటి నుంచి చూస్తే ఉల్క ఎంత ఎత్తులో, ఎంత వేగంతో పోయిందో తేలదు. అవి లేకుండా అది సూర్యుడి చుట్టూ తిరిగిన కక్ష్య లెక్కకట్టలేం. రెండూళ్ల మధ్య 70 కిలోమీటర్లు, ఉల్కలు వెలిగేది 100 కిలోమీటర్ల ఎత్తున. ఇంతకంటే మంచి జోడీ ఎక్కడ దొరుకుతుంది?

మానేరు_గట్టు:
డిసెంబర్ 22 తెల్లవారుజామున 5కి కూడా ఉర్సిడ్స్ కేంద్రం (ఆ ఉల్కలన్నీ బయల్దేరినట్టు కనిపించే చోటు) మనకు 30 డిగ్రీల ఎత్తుకు రాదు. గంటకు నాలుగైదు కనిపిస్తే గొప్ప. రెండు కెమెరాలకూ చిక్కేవి ఎన్ని? గ్రేటింగ్ ఉంటే, మంచి వెలుగున్న ఉల్క ఒక్కటి పడ్డా మెగ్నీషియం పచ్చగీత, సోడియం పసుపుగీత విడివిడిగా వస్తాయి.

చలి_రాత్రి:
పొగమంచు సంగతి కూడా చూడండి అన్నా.

పాకాల_చుక్కలు:
డిసెంబర్‌లోనే వచ్చే జెమినిడ్స్ ఉల్కల్లో చాలావాటికి సోడియం తక్కువ. వాటి మూలమైన ఫేథాన్ అనే గ్రహశకలం సూర్యుడికి 0.14 ఖగోళ ప్రమాణాల (భూమికీ సూర్యుడికీ ఉన్న దూరంలో 14 శాతం) దగ్గరికి పోతుంది కాబట్టి వేడికి సోడియం ఎగిరిపోయిందంటున్నాం. ఉర్సిడ్స్ తల్లి తోకచుక్క టటిల్ మాత్రం భూమి కక్ష్య దాకా వచ్చి తిరిగిపోతుంది. దారి తెలియకుండా మీ పసుపుగీతకు అర్థమేంటి? 1945లో, 1986లో టటిల్ సూర్యుడికి బాగా దూరంలో ఉండగా ఉర్సిడ్స్ ఒక్కసారిగా పెరిగాయి. ఆ గుట్టు విప్పింది కూడా కక్ష్యల లెక్కే.

మానేరు_గట్టు:
30 డిగ్రీల మాటకు జవాబు రాలేదు.

ఫిజిక్స్_క్లాసు:
మానేరు అన్నా, కెమెరా మీ ఊరికి వస్తానంటే వద్దంటారేంటి?

మానేరు_గట్టు:
వచ్చేది కెమెరా ఒక్కటే కాబట్టి! పోయిన జెమినిడ్స్‌కి నేనూ మా పిల్లలూ రాత్రంతా చలిలో కూర్చుని వీడియో తీసి పంపాం. రిపోర్టులో కరీంనగర్ పేరే లేదు. ఫైళ్లు అడిగితే డిస్క్ నిండి చెరిపేశామన్నారు. ఇప్పుడు మళ్లీ డాబా, కరెంటు మావి. లెక్కలు, పేరు హనుమకొండవి. ఎందుకు ఒప్పుకోవాలి?

పాకాల_చుక్కలు:
ఆ రిపోర్టు నేను రాయలేదు. మీ పేరు ఉండాల్సిందే. అయినా ఆ కోపం ఈ పని మీద చూపిస్తే ఎలా?

మానేరు_గట్టు:
కోపం కాదు, షరతు. రికార్డింగులు మా డిస్క్‌లోనే ఉండాలి. ప్రతి కక్ష్య కిందా రెండూళ్ల పేర్లూ పడాలి.

పాకాల_చుక్కలు:
పేర్లకు సరే. డిస్క్ మాత్రం రెండుచోట్లా ఉండాలి. రెండు ఫైళ్లూ కలిపి చూడందే గడియారాల తేడా బయటపడదు. వేగంలో కాస్త తప్పు దొర్లినా కక్ష్య పొడవు బాగా మారిపోతుంది.

మానేరు_గట్టు:
ముందు కాగితం మీద రాసి గ్రూపులో పెట్టండి. డాబా తాళం తర్వాత ఇస్తాను.