గ్యాస్ ట్యాక్స్ మనది, రోడ్డు ఎవరిది?

ట్రేసీవాసి:
రోజూ కాలిఫోర్నియాలోని ట్రేసీ నుంచి 580 ఫ్రీవే మీద అల్టమాంట్ కనుమ ఎక్కి దిగి శాన్ హోసే వెళ్తాను. గ్యాస్ (పెట్రోలు) కొట్టించినప్పుడల్లా రోడ్ల పేరు మీద కట్టేది మా శాన్ వాకీన్ కౌంటీకి వస్తుందా, లేక లాస్ ఏంజిలస్ వాళ్ళు ఊడ్చుకుపోతారా? ఈ పంపకం ఎలా చేస్తారో తెలిసినవాళ్ళు కాస్త చెప్పండి.

పాతకాపు:
లాస్ ఏంజిలస్ మీద కోపం అనవసరం బాబూ. హైవేలు పెంచడానికి కాలిఫోర్నియా పెట్టే డబ్బులో 25 శాతం పెద్ద ఊళ్ళని కలిపే దారులకని రాష్ట్రమే ఉంచుకుంటుంది. మిగతా 75 శాతం కౌంటీలది. అందులో నూటికి 40 వంతులు ఉత్తరాది కౌంటీలకి, 60 దక్షిణాదికి. మీరూ మేమూ ఉత్తరం వాటాలో ఉన్నాం, వాళ్ళు దక్షిణంలో. మన పళ్ళెంలో చెయ్యి పెట్టలేరు. ఆ తర్వాత కౌంటీ కౌంటీకీ లెక్క: ముప్పాతిక జనాభాని బట్టి, పాతిక అక్కడున్న స్టేట్ హైవే మైళ్ళని బట్టి.

కానీ అసలు సంగతి ఇది కాదు. నేను 1991లో వచ్చేనాటికి కుపర్టినో దాటి దక్షిణానికి 85 ఫ్రీవే ఇంకా పూర్తికాలేదు. 1994లో తెరిచారు. ఆ డబ్బులో చాలావరకు శాక్రమెంటోలోని రాష్ట్ర ప్రభుత్వం ఇచ్చింది కాదు, 1984లో ఇక్కడి శాంటా క్లారా కౌంటీ ఓటర్లు సేల్స్ ట్యాక్స్ మీద అర సెంటు తమకు తామే వేసుకున్నది. మీ కౌంటీ కూడా 1990లో మెజర్ కె అని ఇలాంటి అర సెంటే పెట్టుకుంది, 2006లో పొడిగించారు. గ్యాస్ మీద ఫెడరల్ వాళ్ళు గాలనుకి వేసే 18.4 సెంట్లయితే 1993 నుంచి ఒక్క అంగుళం కదల్లేదు. 2017లో రాష్ట్రం పెంచిన 12 సెంట్లు ప్రధానంగా మరమ్మతులకే.

ట్రేసీవాసి:
థాంక్సండీ. అంటే మా దగ్గర జనం పెరిగేకొద్దీ వాటా పెరిగి అల్టమాంట్‌లో లేన్లు వస్తాయన్నమాట?

పాతకాపు:
వాటా పెరుగుతుంది. లేన్లంటారా, అల్టమాంట్ ఉన్నది ఆలమెడా కౌంటీలో! అక్కడ మీ డబ్బు పెట్టాలన్నా ఇద్దరూ కూర్చుని ఒప్పుకోవాలి. ఇరుక్కునేది మీవాళ్ళు, నేల వాళ్ళది.

బ్యాటరీబాబు:
నాది ఎలక్ట్రిక్ కారు అంకుల్. ఈ గొడవేమీ లేదు, ఒక్క సెంటు కట్టను :)

పాతకాపు:
2020 మోడల్ గానీ ఆ తర్వాతది గానీ అయితే రిజిస్ట్రేషన్‌తోపాటు ఏటా వంద డాలర్ల పైచిలుకు రోడ్డు ఫీజు ఉంటుంది. కాగితం తీసి చూసుకో నాయనా.

బ్యాటరీబాబు:
చూశాను. 2021 మోడల్. మూడేళ్ళుగా కడుతున్నానట.