‘మెస్కాల్’ అని రాసిలేని మెస్కాల్ కొనొచ్చా?

పొలంగట్టు:
నవంబరులో మెక్సికో వెళ్తున్నాం. వహాకా రాష్ట్రంలో ఆరు రోజులు, పనల్లా మెస్కాల్ కాచే ఊళ్లు తిరగడమే. తెలియనివాళ్ల కోసం: మెస్కాల్ అంటే కిత్తలి (అగావె) మొక్కల నుంచి కాచే సారా. మా అనంతపురం వైపు పొలం గట్ల మీద కంచెగా పెంచే కిత్తనారకు చుట్టాలే ఆ మొక్కలు. ఆకులు చెక్కేసి, మధ్యలో మిగిలే గడ్డను గోతిలో కాల్చి, దంచి, పులియబెట్టి, బట్టీ పెడతారు. ఒక స్నేహితుడేమో “సీసా మీద మెస్కాల్ అన్న పేరూ సీలూ లేకపోతే ముట్టుకోకు” అంటున్నాడు. ఇంకొకరు “మంచి సరుకు చాలావరకు ‘దెస్తిలాదో దె అగావె’ (అగావె నుంచి బట్టీ పట్టింది) అన్న పేరుతోనే దొరుకుతుంది, అదే కొను” అంటున్నారు. ఎవరి మాట వినాలి?

సీలుచూడాలి:
మొదటి స్నేహితుడి మాటే వినండి. మన పోచంపల్లి ఇక్కత్‌కు ఉన్నట్టే మెస్కాల్ పేరుకు 1994 నుంచి చట్టరక్షణ ఉంది. గుర్తించిన ప్రాంతాల్లో కాచి, పరీక్షలు దాటితేనే ఆ పేరు పెట్టుకోవాలి. 2016 నిబంధనల్లో మూడు తరగతులున్నాయి: మెస్కాల్, ఆర్తెసనాల్ (చేతిపనిది), అన్సెస్త్రాల్ (పూర్వీకుల పద్ధతిది). చివరిదాన్ని మట్టికుండల్లోనే కాచాలి. ఆల్కహాల్ 35 నుంచి 55 శాతం లోపు ఉండాలి, విషమైన మిథనాల్‌కూ హద్దు ఉంది. కల్తీ సారాకు మనుషులు బలైన ఊళ్ల నుంచి వచ్చినవాళ్లం మనం. పరీక్ష కాగితాన్ని తేలిగ్గా తీసెయ్యకండి.

మట్టికుండ:
అన్నా, మీ భయం నిజమే. కానీ ఆ కాగితం ఎవరికి దొరుకుతోందో కూడా చూడాలి. ఏడాదికి కొన్ని వందల లీటర్లు కాచే కుటుంబానికి పరీక్షలు, రుసుములు, పత్రాలు మోయలేని భారం. అందుకని వాళ్ల తాతలు వాడిన మాటనే సీసా మీద రాసుకోలేకపోతున్నారు. అసలా మాట మెక్సికో ఆదివాసుల నవాత్ల్ భాషలోది, ‘ఉడికిన కిత్తలి’ అని అర్థం. మరోవైపు అదే నిబంధనల్లో మొదటి తరగతికి ఆవిరి యంత్రాలు, ఉక్కు బట్టీలు కూడా చెల్లుతాయి. గోతిలో రాళ్లు కాల్చి, నాలుగు రోజులు మట్టి కప్పి ఉంచినవాడికి పేరు లేదు, ఫ్యాక్టరీకి ఉంది. ఇది నాకు మింగుడు పడదు.

నిరుడు వెళ్లాను. వహాకాలోని సాంతియాగో మాతత్లాన్ అనే ఊరు తమదే ప్రపంచ మెస్కాల్ రాజధాని అని చెప్పుకుంటుంది. అక్కడ గుర్రం లాగే పెద్ద రాతి చక్రం కింద కాల్చిన గడ్డలు నలుగుతుంటాయి. నా మనసు మాత్రం సాంతా కాతరీనా మీనాస్ అనే ఇంకో ఊళ్లోనే ఉండిపోయింది. కుండ మీద కుండ, పైన చన్నీళ్ల గిన్నె, ఆవిరి ఆ గిన్నె అడుగుకు తగిలి చుక్కలై రెల్లు గొట్టంలోంచి కారుతుంది. మన్యంలో ఇప్పసారా కాచే కుండలు గుర్తొచ్చాయి. కాచే ఆయన రెల్లు పుల్లతో కొంచెం పీల్చి, సొరకాయ బుర్ర లాంటి చిప్పలోకి వదిలాడు. ముత్యాల్లా బుడగలు లేచి అంచున నిలిచాయి. అవి నిలిచే తీరు చూసి బలం ఎంతో చెప్పేశాడు. మొదటి గుక్క నాలుకను కాల్చింది. మూడో గుక్కకు పొగ వెనక్కి పోయి, తొలకరికి తడిసిన మట్టి వాసన, ఆ వెనుక పండిన అరటి తీపి వచ్చాయి. ఆ సీసాకు సీలు లేదు.

తాటివనం:
మాది కల్లు గీసే ఇల్లు. మీరిద్దరూ కాగితం గురించే మాట్లాడుతున్నరు, మొక్క గురించి ఎవరూ అడుగుతలేరు. మా నాయిన ఒక్క తాటిచెట్టును ఏండ్ల తరబడి గీస్తడు, చెట్టు బతికే ఉంటది. ఈ కిత్తలి జీవితంల ఒక్కసారే పూస్తది, ఆ పువ్వు రాకముందే గడ్డ తవ్వుతరు. ఇగ విత్తనం ఎక్కడిది? ఆ పూల మీద బతికే గబ్బిలాలకు తిండెక్కడిది? ఎస్పాదిన్ అనే రకం అయితే పక్కన పిలకలు పెడతది, ఏడెనిమిదేండ్లల్ల మళ్ల చేతికొస్తది. కొండల్ల పెరిగే తెపెస్తాతె అనే రకానికి ఇరవై ఐదేండ్ల దాకా పట్టొచ్చు. పొయ్యొచ్చినోళ్లంత అదే గొప్ప అని వెతుక్కుంట కొంటున్నరు. సీలున్నా లేకున్నా ఆ సీసా నేనైతే కొనను.

సీలుచూడాలి:
తాటివనం గారు చెప్పింది నాకు తట్టనే లేదు. మట్టికుండ గారికి ఒక్క మాట: ముత్యాలు బలం చెప్తాయి, మిథనాల్ సంగతి చెప్పవు. చిన్న కుటుంబాలకు రుసుము తగ్గించమని అడగండి, మీతో పాటు నేనూ అడుగుతాను. పరీక్షే వద్దంటే ఒప్పుకోను.

మట్టికుండ:
పరీక్ష వద్దని నేనూ అనను. పేరు లాక్కోవద్దంటున్నాను. పొలంగట్టు గారూ, కాచినవాళ్లెవరు, ఏ ఊరు, ఏ మొక్క, ఎప్పుడు కాచారు అని అడగండి. సీలు లేని మంచి సీసాల మీద ఇవన్నీ చేత్తో రాసి ఉంటాయి. సంతలో ప్లాస్టిక్ డబ్బాలోంచి పోసిచ్చే ఊరూ పేరూ లేని సరుకు జోలికి మాత్రం వెళ్లొద్దు. అడవి మొక్కదైతే, పూతకు ఎన్ని వదిలారు, నారు పోస్తున్నారా అని కూడా అడగండి. కొందరు పోస్తున్నారు, చూపిస్తారు కూడా.

పొలంగట్టు:
తెపెస్తాతెను జాబితాలోంచి తీసేశాను. మీనాస్‌కు ఒక రోజు అనుకున్నది రెండు చేసుకున్నాం. నేరుగా వెళ్లిపోవచ్చా, ముందే కబురు పెట్టాలా?

మట్టికుండ:
కబురు పెట్టండి. వీలైతే గొయ్యి తెరిచే రోజుకు వెళ్లండి. కాలిన గడ్డ ముక్క కోసి చేతిలో పెడతారు. బెల్లంలా తియ్యగా ఉంటుంది, చెరకులాగే రసం మింగి పిప్పి ఊసెయ్యాలి.