ఓవెన్‌లో పగలని మూతగిన్నెలకు ఏ మట్టి మంచిది?

విజయనగరం దగ్గర చెరువు బంకమట్టితో మూతగిన్నెలు చేసి, ఆవంలో సుమారు 850 డిగ్రీల దాకా కాలుస్తున్నాం. గ్లేజు (గాజులాంటి పూత) వేయం. పొయ్యి మీద ఆగుతున్నాయి గానీ ఓవెన్‌లో 200 డిగ్రీలకే అడుగంచు వెంట చీలుతున్నాయి, ముఖ్యంగా అడుగు మందంగా, గోడ పల్చగా ఉన్నచోట. మందం సమం చేయడం మా పని, చేస్తాం. అసలు సందేహం మట్టి గురించే.

వేడికి చీలకుండా మట్టిలో ఏటి ఇసుక ఎక్కువ కలపడం ఇష్టం లేదు. కాల్చేటప్పుడు 573 డిగ్రీల దగ్గర అందులోని క్వార్ట్జ్ అనే ఖనిజం ఒక్కసారిగా ఉబ్బుతుంది, చల్లారేటప్పుడు మళ్లీ ముడుచుకుంటుంది, చుట్టూ సన్న బీటలు వస్తాయి. దానికి బదులు పాత కుండపెంకుల పొడి నూటికి 20 పాళ్లు సరిపోతుందా? పొడి బొంబాయి రవ్వంత ఉండాలా, ఇంకా సన్నగానా? బలపపు రాయి పొడి ఇంత తక్కువ కాల్పులో పనిచేస్తుందా? స్టోన్‌వేర్ మట్టి (ఎక్కువ వేడిలో కాలి రాయిలా గట్టిపడేది) కొందామంటే దానికి కావలసిన 1200 డిగ్రీలు మా ఆవానికి అందవు.

శ్రీకాకుళం, పార్వతీపురం వైపు ఈ పని చేసేవారుంటే మీ పాళ్లు చెప్పండి, దయచేసి.